కాగితాలన్నీ సరిగ్గా ఉన్న ట్రైలర్

నాకు కూర్చుంటే కాళ్లు ఊగుతాయి. చిన్నప్పుడు చర్చిలో అమ్మ పక్కన కూర్చుని కాళ్లు ఊపుతుంటే తొడపాశం పెట్టేది. పెళ్లయ్యాక ఆ పని మావారు మాటలతో చేస్తున్నారు. నీ కాళ్లకి డైనమో కడితే మన వీధంతటికీ కరెంటు ఇవ్వచ్చు అంటారు. ఆయన గూడూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటారు. ఇంట్లో ఫ్యాను ఆగిపోయినా ఆయనకి పది నిమిషాల తర్వాతగానీ తెలియదు. అలాంటి మనిషితో ఇరవై మూడేళ్లుగా కాపురం చేస్తున్న నేను, నలభై ఏడేళ్ల వయసులో, ఉన్న ఉద్యోగం వదిలేసి సెకండ్ హ్యాండ్ ట్రైలర్ లారీ కొంటానని బయల్దేరాను.

ఉద్యోగం గుడివాడలో ఒక రైస్ మిల్లులో. గేటు లోపల లారీలను తూచే కాటా, దానికి ఆనుకుని ఒక చిన్న గది, గదికి ఒక కిటికీ. ఆ కిటికీ వెనక నేను పద్దెనిమిదేళ్లు కూర్చున్నాను. ఖాళీ బండి వచ్చినప్పుడోసారి, బియ్యం ఎత్తుకుని వెళ్లేటప్పుడోసారి బరువు చూసి చీటీ ఇవ్వాలి. వే బిల్లు రాయాలి. బండి కాగితాలు చూడాలి. ఈ చివరి పని నన్నెవరూ గట్టిగా చెయ్యమనలేదు, నేనే తలకెత్తుకున్నాను. పర్మిట్ తేదీ దాటినా, ఇన్సూరెన్సు అయిపోయినా ఆ బండి మా గేటు దాటేది కాదు. డ్రైవర్లు నా వెనకాల నన్ను బ్రేక్ ఇన్‌స్పెక్టరమ్మ అని పిలుచుకునేవారని చాలా ఏళ్లకు తెలిసింది. కోపం రాలేదు సరిగదా, లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ కిటికీ బాగా కిందికి ఉండేది. అందుకని నాకు డ్రైవర్ల మొహాలు కనబడేవి కావు. కేబిన్లోంచి కిందికి చాచిన చేతులు కనబడేవి. చీటీ ఆ చేతిలో పెడితే చెయ్యి పైకి వెళ్లిపోయేది, బండి కదిలిపోయేది. కాకినాడ, విశాఖపట్నం, చెన్నై అని నా చేత్తో రాసిన ఊళ్లన్నిటికీ ఆ చేతులు వెళ్లొచ్చేవి. నేను సాయంత్రం ఐదున్నరకి తాళం వేసి ఇంటికి నడిచి వెళ్లేదాన్ని. ఎన్ని వేల బండ్లకు చీటీలు రాశానో తెలియదు, ఒక్క లారీ కేబిన్ కూడా ఎక్కి ఎరగను.

ఒక్కాయన మాత్రం చెయ్యి చాచేవాడు కాదు. బండి ఆపి, దిగి, కిటికీ దగ్గరికొచ్చి, నమస్కారమండీ అని చీటీ తీసుకునేవాడు. దివిసీమలో నాగాయలంక వైపు మనిషి. మాదీ ఆ పక్కే కావడంతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడేదాన్ని. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్‌గారూ అనేవాడు. ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని దగ్గర ట్రైలర్ నడిపేవాడు. పదకొండేళ్లుగా ఒకే బండి, ఒకే సీటు. లారీ లైనులో అది మామూలు విషయం కాదు, యజమానులు డ్రైవర్లను చొక్కాలు మార్చినట్టు మారుస్తారు. ఒకసారి మాటల్లో, ముప్పై ఏళ్లుగా బండ్లు నడుపుతున్నాను గానీ ఒక్క బండికైనా ఏ రంగు వెయ్యాలో నన్నెవరూ అడగలేదండీ అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం అది పట్టుకుంది. మనం ఒక బండి కొందాం, రంగు మీరే చెబుదురుగాని అన్నాను.

మొదట అది సరదాకి అన్నదే. తర్వాత నేనే దాన్ని సరదాగా ఉండనివ్వలేదు. కాగితం మీద లెక్క చాలా అందంగా కుదిరింది. మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం, తిరిగొచ్చేటప్పుడు కృత్తివెన్ను రొయ్యల చెరువులకు మేత. ఖాళీగా తిరిగే పనే లేదు. మామూలు లారీ కంటే ట్రైలరైతే ఒక్క ట్రిప్పులో దాదాపు రెండింతల సరుకు పోతుంది. నాన్న మిషన్ స్కూల్లో టీచరు, తాత కూలి పని చేసినవాడు. మా వంశంలో చక్రాలున్న వస్తువు అంటే సైకిలే. నా పేరు మీద పద్దెనిమిది చక్రాల బండి తిరుగుతుందన్న ఊహ నా తలకెక్కి కూర్చుంది. మావారు రెండు మూడు ప్రశ్నలు వేశారు. జవాబులన్నీ నా దగ్గర ఉండడంతో ఊరుకున్నారు.

అన్నయ్యగారిని అడిగితే వారం రోజులు ఆలోచించుకున్నాడు. ఆయనకప్పటికే యాభై ఆరు. హెవీ లైసెన్సుకి ఇంకో నాలుగైదేళ్లు కళ్లు సహకరిస్తే గొప్ప. ఈ వయసులో సీటు వదిలితే మళ్లీ అలాంటి సీటు రాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను చర్చిలో ప్రమాణం చేసినంత గట్టిగా మాటిచ్చాను, బండి మనది, మీ చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో పెట్టను అని. వారం తర్వాత వచ్చి, మా యజమానికి చెప్పేశానండీ, నెలాఖరుకి దిగిపోతున్నాను అన్నాడు. మరుసటి రోజే నేనూ మిల్లులో చెప్పేశాను. ఇక ఇద్దరం నేల మీద ఉన్నాం. బండి ఎక్కడా లేదు.

వెతకడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర ఇంట్లో నాతో వేగడం ఎలా ఉండేదో మావారే రాయాలి. ఫోను మోగితే వంటింట్లోంచి పరిగెత్తేదాన్ని. మోగకపోతే నేనే చేసేదాన్ని. చివరికి గుడివాడ బైపాస్ పక్కన ఒక యార్డులో బండి ఉందని ఒక బ్రోకరు కబురు చేశాడు. అమ్మేవాళ్లది బందరు. అన్నయ్యగారిని తీసుకుని వెళ్లాను.

బండి కొత్తగా రంగేసి మెరిసిపోతోంది. ముందు కేబినూ ఇంజనూ ఉన్న తల, వెనక దానికి తగిలించిన నలభై అడుగుల ట్రాలీ. దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చేసరికే నాకు ఊపిరి భారంగా ఆడింది. బ్రోకరు ఫైలు చేతిలో పెట్టాడు. ఒక స్టూలు అడిగి, నీడలో కూర్చుని గంటసేపు చదివాను. ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, టాక్సు, పొల్యూషన్, ఇన్సూరెన్సు, ఫైనాన్సు తీరిపోయిందన్న లెటరు, ఒక్క అక్షరం తేడా లేదు. ట్రిప్పుల పుస్తకం కూడా ఇచ్చారు. అందులో ఒక వానాకాలం మూడు నెలలు ఏ ట్రిప్పూ రాసి లేదు. బండికి విశ్రాంతి దొరికింది, మంచిదే అనుకున్నాను. నా కాళ్లు ఆ గంటసేపూ ఊగలేదు. కాగితాలు చదువుతుంటే ఊగవు.

ఈలోగా అన్నయ్యగారు బండి కింద దూరాడు, ఇంజను చూశాడు, కేబిన్ తలుపు తెరిచి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చెప్పులతోనే పైకెక్కాడు. అది నేను చూశాను. లారీ డ్రైవర్లు చెప్పులు మెట్టు మీదో కింద గూట్లోనో వదిలి కేబిన్ ఎక్కుతారు. వాళ్లకది ఇంట్లోకి వెళ్లడం లాంటిది. నేనెప్పుడూ కేబిన్ ఎక్కకపోయినా కాటా దగ్గర వందలసార్లు చూసిన విషయమే. కొత్తగా రంగేసిన బండిలోకి, నా బండిలోకి, ఈయన మట్టి చెప్పులతో ఎక్కాడేమిటని చిరాకు పడ్డాను. నెలన్నరగా పని లేక పద్ధతి మరిచిపోయాడనుకున్నాను. కిందికి దిగాక, ఫైలు చంకలో పెట్టుకుని, బ్రోకరూ అమ్మేవాళ్ల మనిషీ చూస్తుండగా ఆయనతో అన్నాను:

"బావుంది కదా అన్నయ్యగారూ?"

ఆయన బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు, తల ఊపాడు. బ్రోకరు టీ తెప్పించాడు. అడ్వాన్సు ఇచ్చేశాను. వచ్చే వారం బందరు వెళ్లి సంతకాలు పెట్టి, మిగిలింది ఇచ్చి బండి పేరు మార్పించుకోవాలి.

ఆ ఆదివారం చర్చిలో నేనొక పని చేశాను. మావాళ్లలో ఏ మేలు జరిగినా కృతజ్ఞత కానుక కవరులో పెట్టి, ఎందుకో ఒక ముక్క రాసి ఇస్తారు. పాస్టరుగారు దాన్ని అందరికీ చదివి ప్రార్థన చేస్తారు. జరిగాక ఇవ్వాల్సిన కానుక నేను జరగకముందే ఇచ్చేశాను. ఆగలేకపోయాను. పాస్టరుగారు మైకులో, మన సహోదరికి దేవుడు పద్దెనిమిది చక్రాల వాహనం అనుగ్రహించాడు అని చదివారు. ముందు బల్లల మీది వాళ్లందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. పక్కన కూర్చున్న మావారు, ఇంకా పద్దెనిమిది సంతకాలు ఉన్నాయేమో అని నాకు మాత్రమే వినబడేలా అన్నారు. ఆయన మోకాలి మీద ఒకటి వేశాను.

సంతకాల రోజు పొద్దున్న పదింటికి బండిలోనే బందరు బయల్దేరాం. బ్రోకరు తన కారులో ముందు వెళ్తున్నాడు. అన్నయ్యగారు నడుపుతున్నాడు. జీవితంలో మొదటిసారి నేను లారీ కేబిన్ ఎక్కాను. ఎక్కడానికి మూడు మెట్లు, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, పైనున్న కడ్డీ ఒక చేత్తో పట్టుకుని నానా తంటాలు పడ్డాను. నా చెప్పులు మెట్టు దగ్గరున్న గూట్లో పెట్టాను. లోపల మల్లెల సెంటు అట్ట ఒకటి అద్దానికి వేలాడుతోంది. దాని వెనక ఇంకేదో వాసన ఉంది. లారీ అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

పామర్రు దాకా నాకు నేల మీద ఉన్నట్టు లేదు. ఎదురొచ్చే బస్సుల నెత్తి కనబడుతోంది, కాలవ అవతల పొలాలు కనబడుతున్నాయి, మనుషులు చిన్నగా కనబడుతున్నారు. పద్దెనిమిదేళ్లు ఈ ఎత్తు నుంచి నా కిటికీ ఎలా కనబడి ఉంటుందో అని తలుచుకుని నవ్వుకున్నాను. ఏదేదో మాట్లాడాను. అన్నయ్యగారు ఊఁ కొడుతున్నాడు తప్ప మాట కలపడం లేదు. అప్పుడు మళ్లీ ఆయన కాళ్లు చూశాను. చెప్పులతోనే నడుపుతున్నాడు. పామర్రు దాటి గూడూరు వైపు వస్తుండగా ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నయ్యగారూ, బండెక్కేటప్పుడు చెప్పులు తియ్యరా మీరు?"

"తీస్తానండీ."

"మరి దీన్లో?"

ఆయన ఒక ట్రాక్టరును దాటేశాడు. ఒక కల్వర్టు దాటాం. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"ఇది మునిగిన బండండీ. వరద నీళ్లలో ఉంది."

నేను మొదట నమ్మలేదు. కాగితాలు అన్నీ ఉన్నాయి కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే నాకే ఎలాగో అనిపించింది. గూడూరు దాటాక ఒక చెట్టు నీడన బండి పక్కకి ఆపాడు. సీటు బెల్టు వచ్చే సందులో వేలు పెట్టమన్నాడు. పెట్టి తీస్తే వేలికి బూడిద రంగు ఒండ్రు అంటుకుంది, మెత్తగా, పౌడరులాగా. ఫోను టార్చి వేసి డ్యాష్‌బోర్డు కింద చూపించాడు. కొత్త వైర్ల వెనక పాత క్లిప్పులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. నా సీటు వెనక రేకుకి వేసిన గుడ్డ కొద్దిగా లాగితే నా భుజం ఎత్తున అడ్డంగా ఒక గీత ఉంది. నీళ్లు అక్కడిదాకా వచ్చి నిలబడ్డాయి. రంగు, సీటు కవర్లు, సెంటు, అన్నీ తర్వాత వచ్చాయి. ట్రిప్పులు లేని మూడు నెలలు అప్పుడు గుర్తొచ్చాయి. కాగితం కూడా నాకు చెప్పింది. నేనే విశ్రాంతి అనుకున్నాను.

తలుపు తెరవగానే తెలిసిపోయిందండీ, ఇల్లు మునిగినవాడికి ఆ వాసన తెలియకపోదు అన్నాడు. ఇంజను ఇప్పటికి నడుస్తుంది, ఏడాదో ఏడాదిన్నరో, ఆ తర్వాత వైరింగుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేతులెత్తేస్తుంది అన్నాడు. మునిగిన బండిలో చెప్పులు విప్పబుద్ధి కాలేదన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత తెలిసి, అడ్వాన్సు ఇస్తుంటే చూస్తూ ఊరుకుని, వారం రోజులు నోరు కట్టేసుకుని, నన్ను ఎక్కించుకుని సంతకాలకి తీసుకెళ్తున్నాడా ఈ మనిషి అనిపించింది. గొంతు పెంచి అడిగాను.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు నన్ను అడగలేదండీ. బావుంది కదా అన్నారు."

మా మిల్లు యజమాని గుర్తొచ్చాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఏ పనైనా చేసేశాక నా దగ్గరికొచ్చి, బావుంది కదమ్మా అనేవాడు. ఒకసారి నా కిటికీకి ఇనుపజాలీ వేయించి అలాగే అడిగాడు. ఆ జాలీ సందులోంచి చీటీ ఇవ్వడానికి వేళ్లు పట్టేవి కావు, రెండేళ్లు గోళ్లు విరగ్గొట్టుకున్నాను. బావుందండీ అన్నాను ఆ రోజు. అనేదాన్నే తప్ప ఒక్కసారీ ఆయన్ని క్షమించలేదు. ఇప్పుడు చూస్తే, బండి నా పేరు మీదికి ఇంకా రానేలేదు, నేను అప్పుడే ఆయనలా తయారయ్యాను.

అన్నయ్యగారు అంతటితో ఆపి ఉంటే తప్పంతా నాదే అయ్యేది. ఆయన ఆపలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూడకుండా మిగతాది కూడా చెప్పాడు.

"అదొక్కటే కాదండీ. ఇదీ వద్దంటే మీకు విసుగొచ్చి మళ్లీ మిల్లుకెళ్లిపోతారేమో అనుకున్నాను. నేను అప్పటికే సీటు వదిలేశాను కదండీ. ఏడాదైనా నడుస్తుంది కదా అనుకున్నాను."

బ్రోకరు రెండుసార్లు ఫోను చేశాడు. నాకు అన్నయ్యగారి మీద కోపం పోలేదు, జాలి కూడా వచ్చింది, రెండూ ఒకేసారి ఉన్నాయి. నేను చేసిన ప్రమాణం ఆయన నోరు మూయించింది. ఆయన సీటు నా మాట మీద వదిలాడు, ఆ మాట నిలబడాలంటే ఈ బండి కొనాలి, కొంటే ఇద్దరం కలిసి మునుగుతాం. వద్దంటే నేనెలాగో బతుకుతాను, మావారి జీతం ఉంది. అన్నయ్యగారికేముంది? ఆ ప్రశ్న ఆయన అడగలేదు. అడిగి ఉంటే బావుండేది, కనీసం అరిచి ఉండేదాన్ని.

బందరు వెళ్లి వద్దని చెప్పాను. బ్రోకరు మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత ఆడవాళ్లతో బేరం ఇలాగే ఉంటుందన్నాడు. వేలికి అంటిన ఒండ్రు చూపించాను. దుమ్మండీ అది అన్నాడు. సగం అడ్వాన్సు పోయింది. బండి అక్కడే వదిలేసి ఇద్దరం బస్టాండుకు నడిచాం. పాస్టరుగారికి కూడా చెప్పాల్సొచ్చింది. ఆయన అంతా విని, కానుక దేవుడికిచ్చారు గాని బండికివ్వలేదు కదమ్మా, అది ఉండనివ్వండి అన్నారు. ఆ తర్వాతి ఆదివారం మాత్రం ఎవరి మొహమూ చూడలేక వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఇంకో బండి దొరికేదాకా నెలనెలా జీతం ఇస్తానని అన్నయ్యగారికి చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. బండి లేకుండా జీతమేంటండీ, నేనేం వాచ్‌మన్నా అన్నాడు. పాత యజమాని ఆయన సీటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశాడు. చివరికి బందరులో కొత్త పోర్టు పనుల్లో రాళ్లు తోలే టిప్పరు ఎక్కాడు. ముప్పై ఏళ్లు దూరాలు నడిపినవాడు, రోజూ అవే కొన్ని మైళ్లు, రాళ్లు ఎత్తుకోవడం, సముద్రం దగ్గర పోయడం, మళ్లీ వెనక్కి రావడం. నడుం పట్టేస్తోందని వాళ్లావిడ ఫోనులో చెప్పింది, ఆయన చెప్పలేదు. నేను కృత్తివెన్నులో ఒక మేత డీలరు దగ్గర వారానికి మూడు రోజులు లెక్కలు చూడడానికి కుదురుకున్నాను. కుదురుకోవడం అన్న మాట నా విషయంలో ఎంత తప్పో మావారు చెబుతారు. చెరువుల గట్ల మీదుగా వెళ్లే బస్సులో కూర్చున్నా ఎదురొచ్చే ప్రతి లారీ నంబరూ చదువుతూనే ఉన్నాను. మిగతా మూడు రోజులూ బండ్ల కోసం తిరిగాను.

ఐదు నెలలకు ఇంకోటి దొరికింది. దివిసీమలో చల్లపల్లికి దగ్గరలో, ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆవరణలో. యజమాని ముసలాయన, పిల్లలు వ్యాపారం వద్దంటున్నారని అమ్మేస్తున్నాడు. నేను ముందే ఒకసారి వెళ్లి చూసొచ్చాను. తలుపు తెరిచి ముక్కు లోపల పెట్టి వాసన చూశాను, బెల్టు సందులో వేలు పెట్టి చూశాను, ముసలాయన నన్ను వింతగా చూశాడు. శుభ్రంగా ఉంది. నిజం చెప్పాలంటే మొదటి బండి కంటే దీని మీద ఎక్కువ ఆశ పడ్డాను. చూసొచ్చాక రెండు రాత్రులు నిద్రపోలేదు. అన్నయ్యగారికి ఫోను చేస్తే, పొద్దున్న సెలవు పెట్టుకుంటాను, రెండింటికి మాత్రం డ్యూటీకి ఉండాలి అన్నాడు.

ఆయన వచ్చేసరికి గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. కనుబొమల్లో రాతి దుమ్ము అలాగే ఉండిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నడుస్తున్నాడు. ఈసారి నేను ముసలాయన ముందే, ఆయన మనుషుల ముందే గట్టిగా అన్నాను, అన్నయ్యగారూ మీరు చూసి చెప్పండి, మీరెలా అంటే అలా అని. చెప్పి పక్కకి తప్పుకున్నాను. నోరు తెరవకుండా ఉండడం నాకెంత కష్టమో, ఆ గంటసేపూ ఆవరణలో ఎన్ని అడుగులు వేశానో లెక్కలేదు.

ఆయన బండి తలా ట్రాలీ కలిసేచోట చాలాసేపు ఉన్నాడు. సుత్తి అడిగి తీసుకుని కొట్టి చూశాడు, కొంచెం జరిగి మళ్లీ కొట్టాడు. గోరుతో రంగు గీకాడు. బండి స్టార్ట్ చేసి ఆవరణలోనే ముందుకీ వెనక్కీ నడిపాడు. దిగి వచ్చాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

"వద్దండీ. కింద బరువు మోసే చాసీ ఒకచోట విరిగితే అతికించారు. ఖాళీగా ఉంటే తెలియదు, బియ్యం లోడుతో గతుకు పడితే ఊడుద్ది," అన్నాడు.

ముసలాయన మొహం మాడిపోయింది. ఆ అతుకు సంగతి నాకే తెలియదండీ అన్నాడు, నిజమే చెప్పాడేమో. నా మొహం కూడా మాడింది. నలుగురి ముందు, నేను చూసి మెచ్చుకున్న బండిని, నేను పిలిపించిన మనిషి, ఒక్క మాటతో కొట్టిపారేశాడు. ఆ మాట వినడానికే ఆయన్ని పిలిచాను, ఇలా చెప్పమనే అడిగాను, అయినా చెప్పగానే చెంపలు వేడెక్కాయి. కాస్త మెల్లగా, పక్కకి పిలిచి చెప్పకూడదా అనుకున్నాను. యజమానురాలి బుద్ధి నాకు బండి కంటే ముందే వచ్చేసింది. ముసలాయనకి నమస్కారం పెట్టి బయటికి నడిచాను.

చల్లపల్లి సెంటర్లో బస్సుల కోసం నిలబడ్డాం. ఆయనది బందరు బస్సు, నాది పామర్రు వైపు. నేను ఇంకా బుస్సుమంటూనే ఉన్నాను. ఆయన గోలీసోడా తాగుతారా అని అడిగితే వద్దన్నాను. ఒక్కడే తాగుతున్నాడు. సీసా ఎత్తినప్పుడు ఆయన చెయ్యి చూశాను. చర్మం గీతల్లో తెల్లటి రాతి పొడి ఇంకిపోయి, కడిగినా పోయేలా లేదు. ఆ చెయ్యి చూశాకగానీ నాకు అర్థం కాలేదు. మొదటిసారి ఆయన నోరు మూసుకున్నది సీటు కోసం. ఈసారి కూడా మూసుకుని ఉంటే సీటు వచ్చేది. అతుకు ఎప్పుడు ఊడుతుందో ఎవరికీ తెలియదు, అది నా బండి, నా నష్టం. ఆయన అది తెలిసే చెప్పాడు, చెప్పి మళ్లీ రాళ్ల దగ్గరికి వెళ్తున్నాడు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను:

"ఇది కొనుంటే రేపే టిప్పరు దిగిపోయేవారు కదా అన్నయ్యగారూ."

"దిగిపోయేవాణ్ణేనండీ," అన్నాడు. బందరు బస్సు వచ్చింది. సీసా కొట్టు బల్ల మీద పెట్టి, నడుం పట్టుకుని ఎక్కాడు.